కాలేజీ బిల్డింగ్ కాదు, వెనకున్న వార్డు చూడుండ్రి

(హన్మకొండల ఇంటర్ బైపీసీ పిల్లలకు, తల్లిదండ్రులకు నర్సింగ్, అలైడ్ హెల్త్ కోర్సుల మీద పెట్టిన మీటింగ్‌ల ఒక సీనియర్ నర్సింగ్ టీచర్ మాట్లాడింది. రికార్డింగ్ విని ఆమె యాసలనే టైప్ చేసినం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు, అక్కలు, ముందట కుర్చీలు ఖాళీగున్నయి, వచ్చి కూసోండ్రి. ఊర్లకెల్లి బస్సెక్కి వచ్చిండ్రు, నిలబడి వినుడెందుకు.

ఇక్కడికి వచ్చినోళ్లల్ల చానామంది మనసుల ఏమున్నదో నాకు తెల్సు. పిల్లకు నీట్‌ల సీటు వచ్చే ర్యాంకు రాలే, లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపాలంటే పైసలు లేవు, ఖాళీగ ఉంచితే పెండ్లి చెయ్యమని చుట్టాలు మీదవడ్తరు, సరే నర్సింగ్‌ల ఏస్తే ఏదో ఒక నౌకరి దొరుకుతది గదా అని. తల్లిదండ్రుల భయం నాకర్థమైతది, నేను తప్పు పట్టుట్లేదు. కాని పిల్లలకు మాత్రం ఒకటి గట్టిగ చెప్తున్న బిడ్డా, ఇది డాక్టర్ చదువు దొరకనోళ్లకు పెట్టిన చదువు కాదు. దీని విద్య వేరే, దీని పని వేరే, దీన్ల తెలివి వేరే. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి ఒక్కో బెడ్డు కాడ ఐదు నిమిషాలో పది నిమిషాలో ఉండి పోతడు, మిగిలిన రోజంతా ఆ పేషెంట్ ఎట్లున్నడో చూసేటోళ్లు ఎవరు? ఆ చూసే కన్ను తయారుచేసుడే ఈ చదువు.

ఉట్టిగ అంటే మీరు నమ్మరు, అందుకే మన దగ్గరి ముచ్చటే చెప్త.

వానాకాలం వచ్చిందంటే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఎక్కడ పాము కరిచినా చివరికి వరంగల్‌ల మన పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకే తీసుకొస్తరు. గోదారి అవతల ఛత్తీస్‌గఢ్ దిక్కుకెల్లి కూడ వస్తరు. మనకాడ ముఖ్యంగ నాలుగు విషప్పాములు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మనం ఎక్కించే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసిందే, అంటే ఏ పామో తెల్వకున్నా మందు ఒక్కటే, కాని విషం ఎక్కిందా లేదా అన్నది మాత్రం మనమే తేల్చాలె, ఎందుకంటే కరిచిన ప్రతిసారి విషం ఎక్కదు, ఎక్కనోళ్లకు మందిస్తే ఆ మందుతోటే రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంటది.

ఎట్ల తేలుస్తరు మరి? పెద్ద మిషన్ ఏం లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రంగ ఉన్న పొడి గాజు ట్యూబుల పోసి కదపకుండ ఇరవై నిమిషాలు పెడ్తరు. ఇరవై నిమిషాలైనంక ఒక్కసారి వంచి చూస్తరు. రక్తం గడ్డకట్టి ఉంటే మంచిది, నీళ్లలెక్క కారితే పింజర విషం రక్తంల పనిచేస్తున్నట్టే, వెంటనే మందు మొదలుపెట్టాలె. అంతే పరీక్ష, కాని దీన్ల ఎన్ని కిటుకులున్నయో చూడుండ్రి. ప్లాస్టిక్ ట్యూబుల పోస్తే రక్తం సరిగ గడ్డకట్టదు, విషం లేకున్నా ఉన్నట్టే కనవడ్తది. గాజుదే అయినా సబ్బునీళ్లతోటి కడిగిన ట్యూబైతే గూడ అదే మోసం. మధ్యల ఎవరన్న పట్టుకొని ఊపి చూసిండ్రంటే గూడ పోయింది. ఈ పరీక్ష డ్యూటీల ఉన్న నర్సో ల్యాబ్ టెక్నీషియనో చేస్తరు, డాక్టర్ వాళ్ల మాట మీదనే నిర్ణయం తీసుకుంటడు. ఇరవై ఏండ్ల పిల్ల అర్ధరాత్రి ఒక ట్యూబు వంచి చూసి చెప్పే మాట మీద ఒక రైతు పానం ఆధారపడి ఉంటది.

కట్లపాము ఇంకా ఘోరం. కింద పండుకున్నోళ్లను రాత్రిపూట కరుస్తది, చానాసార్లు గాటు గూడ కనవడది, నొప్పి గూడ ఉండది. తెల్లారగట్ల కడుపుల నొస్తుందని వస్తరు, గ్యాస్ ట్రబుల్ అనుకొని ఇంజెక్షన్ ఏసి పంపితే ఇగ అంతే సంగతి. నేర్చుకున్న నర్సు ఏం చూస్తదంటే కనురెప్పలు చూస్తది. రెప్పలు వాలుతున్నయంటే నిద్రవస్తుందేమో అని ఇంటోళ్లు అనుకుంటరు, ఆమె అట్ల అనుకోదు. పక్కన కూసొని తాతా ఒక్క శ్వాసల అంకెలు లెక్కపెట్టు అంటది. ఇరవైదాంక చెప్పినాయన గంట తర్వాత పన్నెండు కాడ ఆగుతుండంటే ఊపిరి పీల్చే కండరాలు పనిచేస్తలేవని అర్థం, వెంటిలేటర్ రెడీ చెయ్యమని అప్పుడే చెప్పాలె, రంగు మారినంక చెప్తే లాభం లేదు. విరుగుడు మందు కలిపేటప్పుడు గూడ అంతే, ఆ పొడి సీసాను గడగడ ఊపొద్దు, నురగ వస్తది, మెల్లగ తిప్పుకుంట కరిగించాలె, పక్కన రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ మందు సిరంజిల తీసి పెట్టుకోవాలె, ఒంటి మీద దద్దు ఒక్కటి కనవడ్డా డ్రిప్పు బంద్ చేసి డాక్టర్‌ను పిలవాలె. ఇవన్నీ మీ నాలుగేండ్ల చదువుల వస్తయి.

ఇగ అలైడ్ హెల్త్ అంటే ఏందని చానామంది అడుగుతరు. ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, డయాలసిస్, అనస్తీషియా, ఆపరేషన్ థియేటర్, క్యాథ్ ల్యాబ్ అంటే గుండె రక్తనాళాలను పరీక్షించే జాగ, ఆప్టోమెట్రీ అంటే కండ్ల పరీక్ష, ఫిజియోథెరపీ, ఇట్ల చానా ఉన్నయి. వీటన్నిటి గురించి ఇప్పుడు చెప్తే రాత్రయితది, డయాలసిస్ ఒక్కటి చెప్త.

డయాలసిస్ టెక్నీషియన్ అంటే మిషన్ బటన్ నొక్కేటోడని అనుకుంటరు. ఒక పేషెంట్‌కు మామూలుగ నాలుగు గంటలు నడుస్తది, నిమిషానికి అర లీటరు లెక్క, అంటే ఒక్క సిట్టింగ్‌ల 120 లీటర్ల నీళ్లు ఆయన రక్తం పక్కకెల్లి పోతయి, మధ్యల సన్నని పొర ఒక్కటే అడ్డం. వారానికి మూడుసార్లు. మనం తాగే నీళ్లల్ల క్లోరిన్ కొంచెం ఎక్కువున్నా కడుపు తట్టుకుంటది, కాని అదే నీళ్లు రక్తానికి అంత దగ్గరికెల్లి పోతే రక్తకణాలే పగిలిపోతయి. అందుకని నీళ్లు ఫస్ట్ కార్బన్ ఫిల్టర్‌ల పోతయి, తర్వాత ఆర్వో. షిఫ్టు మొదలుకాకముందే క్లోరిన్ టెస్ట్ చేసి రిజిస్టర్ల రాయాలె. ఈ ఒక్క టెస్టు బద్ధకానికి వదిలేస్తే ఆ పూట వచ్చిన పేషెంట్లందరికీ ఒకేసారి ప్రమాదం. మళ్ల పేషెంట్ చేతికి ఫిస్టులా ఉంటది, అంటే ధమనిని సిరకు కలిపి ఆపరేషన్ చేస్తరు. దాని మీద మూడు వేళ్లు పెడితే నడుస్తున్న బోరు మోటర్ పైపు మీద చెయ్యి పెట్టినట్టు సన్నగ అదురుతది. ఆ అదురు ఉంటే ఫిస్టులా బతికి ఉన్నట్టు, లేకపోతే మూసుకపోయినట్టు. పేషెంట్ రాంగనే సూది పట్టుకునుడు కాదు, ఫస్ట్ ఆ చెయ్యి పట్టుకొని చూడాలె. ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం తియ్యొద్దు. ఇంటికి పోయినంక రోజూ చెయ్యి పెట్టి చూసుకోమని ఆయనకు, ఆయన భార్యకు నేర్పాల్సింది గూడ మీరే.

ల్యాబ్ ముచ్చట ఒక్కటి చెప్పకుండ ఉండలేను. రిపోర్టు తప్పొచ్చిందంటే మిషన్ పాడైందంటరు. మిషన్ల కన్న ఎక్కువ తప్పులు శాంపిల్ మిషన్ల పెట్టకముందే జరుగుతయి, తీసేటప్పుడు, పోసేటప్పుడు, పేరు రాసేటప్పుడు. పర్పుల్ మూత ట్యూబుల ఉండే పౌడర్ల పొటాషియం ఉంటది. ఇంకో ట్యూబుల రక్తం తక్కువవడ్డదని ఆ పర్పుల్ ట్యూబుకెల్లి కొంచెం దీన్ల పోసిండ్రనుకోండ్రి, పేషెంట్‌కు పొటాషియం చానా ఎక్కువున్నదని, కాల్షియం చానా తక్కువున్నదని రిపోర్టొస్తది, లేని రోగానికి ట్రీట్‌మెంట్ మొదలైతది. ఏ మూత ట్యూబు ముందు నింపాలె, ఏది తర్వాత నింపాలె అన్న వరుస ఊకె బట్టీ పట్టడానికి పెట్టలేదు, ఇందుకు పెట్టిండ్రు. ఎందుకో తెల్సిన పిల్ల తప్పు చెయ్యది, వరుస ఒక్కటే బట్టీ పట్టిన పిల్ల ఎప్పుడో ఒకరోజు తొందరల చేస్తది.

అందుకే నేను ఇంత పొడుగు చెప్పుకుంట వచ్చిన. మీరు కాలేజీ చూడటానికి పోతరు గదా, అక్కడ ఏం చూస్తరు? ఏసీ క్లాస్‌రూమ్, బస్సు, హాస్టల్ల మెస్సు, గేటు. నేనేమంటనంటే గేటు కాదు, ఆ కాలేజీ వెనక హాస్పిటల్ ఏదున్నదో అడుగుండ్రి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి 100 పడకల సొంత హాస్పిటల్ ఉండాలని, ఒక్కో స్టూడెంట్‌కు ముగ్గురు పేషెంట్ల లెక్కన ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ఉన్నది. ఉండాలె అనుడు వేరు, ఉండుడు వేరు. పొద్దున పదకొండు గంటలకు, చెప్పకుండ పోండ్రి. బెడ్లున్నయి, పేషెంట్లున్నరా? కేస్ షీట్లల్ల నిన్నటి రాతలున్నయా? యూనిఫాం ఏసుకున్న పిల్లలు బెడ్డు కాడ ఉన్నరా, లేకపోతే కారిడార్ల గుంపుగ నిలబడ్డరా? వాళ్ల వెంట టీచర్ ఉన్నదా? మెయిన్‌గ ఇది చూడుండ్రి, పిల్లలు పోయి టీచర్ పోకపోతే అక్కడ నేర్చుకునేదేం లేదు, సెలైన్ బాటిళ్లు మోసుడు తప్ప. ఫైనలియర్ పిల్లను పక్కకు పిలిచి అడుగుండ్రి, అమ్మా ఈ నెలల ఎన్ని డెలివరీలు చూసినవు, ఎన్ని చేతులతోటి చేసినవు అని. లాగ్ బుక్ నింపుకునుడు కాదు, నిజంగ. ఆ పిల్ల చెప్పే మాట బ్రోచర్ల దొరకది.

ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ మనకున్నయంటే అది చిన్న సంగతి కాదు. 1959ల కేఎంసీ పెట్టిండ్రు, మా చిన్నప్పటికెల్లి ఈ దిక్కు చదువులన్నీ దాని చుట్టే తిరిగినయి. తెలంగాణ వచ్చినంక హెల్త్ యూనివర్సిటీ గూడ మన వరంగల్‌లనే పెట్టి కాళోజీ నారాయణరావు పేరు పెట్టిండ్రు. కాళోజీ జనం మాట్లాడే భాషకే పట్టం కట్టాలని జీవితమంతా కొట్లాడిన మనిషి, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటం. ఆయన పేరున్న సర్టిఫికెట్ పట్టుకొని వార్డుల నిలబడి, ఏటూరునాగారం కెల్లి వచ్చిన కోయ అవ్వతోటి ఇంగ్లీషు కలిపి గదమాయించి మాట్లాడితే ఎట్ల? ఆమెకు ఏం అర్థంకాక అన్నిటికీ తల ఊపుతది, మీరు గోలీలు పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పి పోతరు, ఆమె రెండూ ఒకేసారి మింగుతది. ఇక్కడ లంబాడ తండాలకెల్లి, కోయ గూడేలకెల్లి వచ్చిన పిల్లలు ఎవరన్న ఉన్నరా? చేతులెత్తుండ్రి. చూడుండ్రి, ఎంతమందో. మీకు ఇంగ్లీష్ రాదని భయపడుతున్నరు గదా, పుస్తకాలు ఇంగ్లీషుల ఉంటయి నిజమే, ఫస్ట్ సెమిస్టర్ కష్టమైతది, తర్వాత అలవాటైతది. కాని మీకు వచ్చిన భాష ఆ వార్డుల ఇంకెవరికీ రాదు. పొత్తికడుపుల నొప్పి అని ఆ అవ్వ మీకు చెప్తది, డాక్టర్‌కు చెప్పది. ఇది నేను మిమ్మల్ని సంబురపెట్టడానికి అంటలేను, గోడుకు చెవి దొరికితేనే రోగం దొరుకుతది.

ఇంకోటి, దీని మీద నాకు బాగ బాధ. మన తెలంగాణల కాన్పులెట్ల అయితున్నయో తెల్సా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం నూటికి 60.7 ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే 21.5. మనోళ్ల ఆడపిల్లలకు ఏమైంది, నడుములు చిన్నగయినయా? కాదు. ముహూర్తం పెట్టించుకొని కడుపు కోయించుకునేటోళ్లున్నరు, నొప్పులకు భయపడేటోళ్లున్నరు, ఎదురుచూసే ఓపిక లేని హాస్పిటళ్లున్నయి, అన్నిటికన్న ఎక్కువ ఏందంటే నొప్పులపూట ఆ పిల్ల పక్కన గంటల తరబడి నిలబడే మనిషి లేదు. ఆ మనిషే మిడ్‌వైఫ్. 2017ల రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టిండ్రు. వాళ్లేం చేస్తరంటే గర్భవతిని మంచం మీద ఎల్లెలుకల కట్టేసినట్టు పడుకోబెట్టరు, నడిపిస్తరు, బాల్ మీద కూసోబెడ్తరు, నడుము రుద్దుతరు, బిడ్డ గుండె చప్పుడు టైం టైంకు వింటరు, పార్టోగ్రాఫ్ అని ఒక కాగితం మీద గీతలు గీస్తరు, గీత దాటిందంటే డాక్టర్‌ను పిలుస్తరు. అవసరమైతే ఆపరేషన్ చెయ్యాల్సిందే, తల్లీబిడ్డ పానం ముందు ఏదీ లేదు, కాని అవసరం లేకుండ కోసిన కడుపుతోటి మిర్చి ఏరబోయే ఆడోళ్లను నేను చానామందిని చూసిన. బీఎస్సీ అయినంక మిడ్‌వైఫరీ వైపు పోయేటోళ్లు మీలకెల్లి వస్తే బాగుండునని నా కోరిక.

చట్టాలు రెండు ముక్కల్ల చెప్త. మొన్నమొన్నటిదాంక ల్యాబ్ టెక్నీషియన్‌కో డయాలసిస్ టెక్నీషియన్‌కో ఢిల్లీల ఒక కౌన్సిల్ అంటూ లేకుండె, ఎవడువడితే వాడు డిప్లొమా అని కాగితం ఇచ్చిండు. 2021ల అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకునే డిగ్రీకి కనీసం 3600 గంటలు, అలైడ్ హెల్త్‌కు కనీసం 2000 గంటల చదువు ఉండాలని రాసిండ్రు, రిజిస్ట్రేషన్ పెట్టిండ్రు. నర్సింగ్‌కు 1947 నాటి కౌన్సిల్ చట్టం జాగల 2023ల కొత్త కమిషన్ చట్టం తెచ్చిండ్రు. మీకు కావాల్సింది ఇంతే, ఆర్నెల్లల్ల సర్టిఫికెట్ ఇస్తం, క్లాసులకు రాకున్నా నడుస్తదన్న జాగకు పోవద్దు. పైసలూ పోతయి, ఏండ్లూ పోతయి.

జీతం గురించి అడగాల్సిందే, సిగ్గుపడొద్దు. గవర్నమెంట్‌ల పోస్టులు రిక్రూట్‌మెంట్ బోర్డు వేస్తది, 2024 జనవరిల దాదాపు 7000 మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి ఆర్డర్లు ఇచ్చిండ్రు. ప్రైవేట్‌ల మాత్రం పరిస్థితి బాగలేదు. సుప్రీంకోర్టు చెప్పినంక 2016ల కేంద్రం ఏసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేట్ హాస్పిటల్ల నర్సుకు గవర్నమెంట్ నర్సుతోటి సమానంగ ఇయ్యాలె, 50 పడకల లోపు దాన్ల గూడ 20,000కు తగ్గొద్దు అని చెప్పింది. ఇప్పటికీ దానికి సగం ఇచ్చి రెండు షిఫ్టులు చేపించుకునేటోళ్లున్నరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువల పెట్టుకొని పిల్లలను ఆపేటోళ్లున్నరు. నా దగ్గర చదివిన పిల్ల ఏడ్చుకుంట ఫోన్ చేసింది, మేడం నా సర్టిఫికెట్లు ఇస్తలేరు అని. ఒరిజినల్స్ చూపెట్టుండ్రి, జిరాక్స్ ఇయ్యుండ్రి, ఒరిజినల్స్ మాత్రం ఎవ్వరి చేతుల పెట్టొద్దు. తల్లిదండ్రులు గూడ ఇది గుర్తువెట్టుకోండ్రి.

ఇగ మీరు అడుగుండ్రి.

(ఒక తండ్రి, జగిత్యాల దిక్కు: మేడం, మేమంతా గల్ఫ్ పోయినోళ్లమే, బిడ్డను బయటి దేశం పంపుదామనుకుంటున్న, జర్మనీ అంటున్నరు, నిజమేనా?)

నిజమే అన్నా. జర్మనీల నర్సుల కొరత ఉన్నది, మన రాష్ట్ర ప్రభుత్వందే టామ్‌కామ్ అని కంపెనీ ఉన్నది, భాష నేర్పి పంపుతది. ఏజెంట్‌కు లక్షలు కట్టకముందు అక్కడ అడుగుండ్రి. కాని ఫస్ట్ ఇక్కడ రెండేండ్లు మంచి హాస్పిటల్‌ల చెయ్యనియ్యుండ్రి, ఐసీయూల అయితే ఇంకా మంచిది. జర్మన్ భాష పరీక్షల బీ1, బీ2 లెవెల్ దాటాలె, అది ఆరేడు నెలలు కూసొని చదివితేగాని రాదు. మీరు గల్ఫ్‌ల పడ్డ కష్టం బిడ్డ పడొద్దంటే చేతుల పని గట్టిగ ఉండాలె.

(ఒక పిల్ల: జీఎన్ఎం డిప్లొమా చెయ్యాల్నా, బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ చెయ్యాల్నా?)

సైన్స్ గ్రూపుతోటి ఇంటర్ పాసయినవు గదా, బీఎస్సీకే ట్రై చెయ్యి బిడ్డా, నాలుగేండ్లు, ఎనిమిది సెమిస్టర్లు. సీటు రాకపోతే జీఎన్ఎం మూడేండ్లు చేసి, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేండ్లు చేస్తే డిగ్రీ వస్తది, తొవ్వ మూసుకపోదు. అడ్మిషన్ నోటిఫికేషన్ కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌ల వస్తది, రూల్స్ ఏటికేడు మారుతయి గాబట్టి ఎవరో చెప్పింది విని ఆగొద్దు, నువ్వే తీసి చదువుకో.

(ఒక పిలగాడు: మేడం, మగపిల్లలు నర్సింగ్ చెయ్యొచ్చా, నవ్వుతరు గదా?)

చెయ్యొచ్చు నాయనా. చానా కాలేజీలల్ల మగపిల్లలున్నరు, ఎమర్జెన్సీల, ఐసీయూల మంచిగ పనిచేస్తున్నరు. యాక్సిడెంట్ అయిన మనిషిని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు మెడ కదలకుండ పట్టుకునేటోడిని చూసి ఎవ్వరూ నవ్వరు.

(ఒక తల్లి: మా బిడ్డకు రక్తం చూస్తే కండ్లు తిరుగుతయమ్మా.)

ఫస్ట్ వార్డుకు పోయినప్పుడు చానామందికి తిరుగుతయి అక్కా. పొద్దున టిఫిన్ చెయ్యకుండ పోతే ఇంకా ఎక్కువ. తినిపించి పంపు, కండ్లు తిరిగినట్టయితే సిగ్గుపడకుండ కింద కూసోమని చెప్పు, ఒక సెమిస్టర్ల తగ్గుతది. అప్పటికీ తగ్గకపోతే ఆప్టోమెట్రీ ఉన్నది, ఫిజియోథెరపీ ఉన్నది, బలవంతం చెయ్యొద్దు. బయట టేబుల్ కాడ మా థర్డ్ ఇయర్ పిల్లలు నలుగురు కూసున్నరు, వాళ్లల్ల ఒకామె మొదట్ల రెండుసార్లు పడిపోయిన పిల్లనే, ఇప్పుడు లేబర్ రూమ్ పోస్టింగ్‌ల ఉన్నది. నీ బిడ్డను తీసుకపోయి ఆమెతోటి మాట్లాడిపియ్యి, నేను పక్కకుంట, మీరు మీరు మాట్లాడుకోండ్రి.